కీబోర్డు మీద అక్షరాలు ఎందుకిలా ఉన్నాయి? మా టైపింగ్ క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ద్వారకానగర్‌లో మా టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌కి వచ్చే ప్రతి కొత్త బ్యాచ్‌లోనూ మొదటి వారం ఇవే సందేహాలు. గాజువాక నుంచి బస్సు దిగి వచ్చే డిగ్రీ పిల్లలు అడుగుతారు, పదోన్నతి కోసం నేర్చుకునే పెద్దవాళ్లు అడుగుతారు. ఇన్నాళ్లూ బోర్డు మీద బొమ్మ గీసి నోటితోనే చెబుతూ వచ్చాను. ఇప్పుడు రాసి పెడుతున్నాను. ప్రశ్నలన్నీ మీరు అడిగిన మాటల్లోనే ఉంచాను. వరుసగా చదవక్కర్లేదు. మీ సందేహం ఏదో అది చదువుకుని పాఠంలో కూర్చోండి.

## చేరిన కొత్తలో వచ్చే సందేహాలు

"మాస్టారూ, ఏబీసీడీలు చిన్నప్పుడే వచ్చేశాయి కదా. అదే వరుసలో పెట్టేస్తే ఏం పోయేది?"

మొదట అలాగే పెట్టారు. 1860ల చివర్లో అమెరికాలోని మిల్వాకీలో తయారైన తొలి యంత్రానికి పియానో మెట్ల లాంటి కీలు ఉండేవి. వాటి మీద అక్షరాలు ఏబీసీడీ వరుసలోనే నడిచేవి. ఆ ఆనవాలు ఇప్పటికీ మీ వేళ్ల కిందే ఉంది. మధ్య వరుస ఒకసారి పైకే చదవండి: డి, ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్. ఇ, ఐ రెండూ పై వరుసకి వెళ్లిపోయాయి, మిగిలినవి ఏబీసీడీ క్రమం తప్పలేదు. 1878 నాటి పేటెంటు బొమ్మలో ఎం అక్షరం కూడా ఎల్ పక్కనే ఉంది. కింది వరుసకి దిగింది ఆ తర్వాతే. అంటే ఈ వరుసని ఎవరో ఒకరు కళ్లు మూసుకుని చల్లేయలేదు. పాత ఇంటి గోడలు కొన్ని అలాగే ఉంచి, అవసరం వచ్చిన గదినల్లా మార్చుకుంటూ పోయారు.

ఇంకొక మాట. ఏబీసీడీ వరుస సుఖంగా అనిపించేది కంటితో వెతికి కొట్టేటప్పుడే. వేళ్లకి అలవాటు పడ్డాక ఆ క్రమంతో పనే లేదు. పదేళ్లుగా టైపు చేస్తున్నవాళ్లని "బి ఎక్కడుంది?" అని అడిగి చూడండి. నోటితో చెప్పలేక వేలు కదిపి చూపిస్తారు.

"మనం స్పీడుగా కొట్టకుండా ఉండాలని కావాలనే ఇలా కలిపేశారట. నిజమేనా?"

అందరికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే. సగం నిజం మీద అల్లుకున్న కథ ఇది. కొంచెం ఓపిగ్గా చదవండి.

టైపు మిషనులో ఒక్కో అక్షరం ఒక్కో ఇనుప కడ్డీ చివర ఉంటుంది. కీ నొక్కితే ఆ కడ్డీ లేచి, రిబ్బను మీద పడి, కాగితం మీద అచ్చు వేసి వెనక్కి పడుతుంది. అది వెనక్కి పడేలోగా పక్క కడ్డీ లేస్తే రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి. రెమింగ్టన్ అనే కంపెనీ చేసిన తొలి మిషన్లలో కడ్డీలన్నీ కాగితం కింద గుండ్రంగా బుట్టలా వేలాడేవి, అచ్చు కింది నుంచి పడేది. అక్షరం సరిగా పడిందో లేదో చూడాలంటే కాగితాన్ని పట్టుకుని ఉండే క్యారేజీని పైకెత్తాల్సిందే. కాబట్టి ఇంగ్లీషులో తరచూ కలిసి వచ్చే అక్షరాల కడ్డీలు బుట్టలో పక్కపక్కన లేకుండా చూడటం ఆ యంత్రానికి మేలు. తగులుకోకపోతే ఆగక్కర్లేదు, ఆగకపోతే పని ముందుకు సాగుతుంది. ఆలోచన అటువైపు ఉంది. మనిషి చేతిని నెమ్మది చేయాలని ఎవరైనా అనుకున్నట్టు ఆధారం ఏదీ లేదు.

కడ్డీలు తగులుకోవడం అంటే ఏమిటో నాకు చేతులతో తెలుసు. నేను నేర్చుకున్నది మిషను మీదే. మన ఊళ్లో సముద్రపు గాలికి, వానాకాలం తేమకి కడ్డీల కీళ్లు బిగుసుకుపోయేవి. ఒకటి కిందకి దిగకముందే రెండోది లేచేది. విడదీసేసరికి వేళ్లన్నీ రిబ్బను మసి. వారానికోసారి గుడ్డతో తుడిచి చుక్క నూనె వేస్తే తప్ప లాభం ఉండేది కాదు.

అయితే ఈ కారణం ఒక్కటే మొత్తం వరుసని వివరించలేదు. ఇంగ్లీషులో ఇ, ఆర్ ఎంత తరచుగా కలిసి వస్తాయో తెలుసు కదా. అవి రెండూ పక్కపక్కనే ఉన్నాయి. కడ్డీల భయం ఒక్కటే కారణమైతే ముందు విడదీయాల్సిన జంట అది. పైగా ఆ రోజుల్లో పది వేళ్లతో చూడకుండా కొట్టేవాళ్లే లేరు. లేని వేగాన్ని తగ్గించాల్సిన పని ఎవరికుంటుంది?

"మరి టెలిగ్రాఫ్ వాళ్ల వల్ల అని ఇంకొకరు చెప్పారు. అదేంటి?"

టైపు మిషనుని మొదట్లో వాడి చూసినవాళ్లలో టెలిగ్రాఫ్ ఆపరేటర్లు ఉన్నారు. టకటక వినిపించే మోర్స్ సంకేతాన్ని చెవితో పట్టుకుని వెంటనే అక్షరాలుగా కొట్టాలి. అప్పటి అమెరికన్ మోర్స్‌లో జెడ్ అంటే మూడు చుక్కలు, చిన్న విరామం, ఇంకో చుక్క. ఎస్ అంటే మూడు చుక్కలు, ఇ అంటే ఒక చుక్క. కాబట్టి వినిపించింది జెడ్ ఒక్కటేనా, ఎస్ తర్వాత ఇ నా అన్నది వెంటనే తేలదు. మాట ఇంకాస్త ముందుకు నడిచాకే తెలుస్తుంది. తేలగానే ఠక్కున కొట్టాలంటే ఆ మూడూ దగ్గర్లో ఉండాలి. ఇప్పుడు కీబోర్డు చూడండి. ఎస్ కి పైన ఇ, కింద జెడ్.

క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన కోయిచీ యసువోకా, మొటోకో యసువోకా 2011లో ప్రచురించిన పరిశోధనలో ఈ వాదన చేశారు. వాడేవాళ్లు చెప్పిన ఇబ్బందిని బట్టి అక్షరాలు కొంచెం కొంచెంగా జరుగుతూ వచ్చాయని వాళ్ల మాట. నా మనసుకి ఇదే సబబుగా తోస్తుంది, ఎందుకంటే పనిముట్లు మామూలుగా అలాగే మారతాయి. కడ్డీల కారణాన్ని మాత్రం నేను పూర్తిగా కొట్టిపారేయను. రెండూ కలిసే పనిచేసి ఉండవచ్చు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. ఇప్పటి మా విద్యార్థులెవరూ ఆ టకటక విననే లేదు. కానీ వాళ్ల ఎడమ చెయ్యి మటుకు ఆ చప్పుడు వెళ్లిన దారిలోనే తిరుగుతోంది.

"దీన్ని కనిపెట్టింది ఒక్కడేనా?"

పేరు ఎక్కువగా వినబడేది క్రిస్టఫర్ లాథమ్ షోల్స్‌ది. అచ్చు పనివాడు, పత్రికా సంపాదకుడు, రాజకీయాల్లోనూ ఉన్నాడు. మిల్వాకీ కూడా మన విశాఖలా రేవు ఊరే, కాకపోతే సరస్సు ఒడ్డున. ఆ రేవులో సుంకాలు వసూలు చేసే అధికారిగా ఆయన పనిచేశాడు. పుస్తకాల పుటలకి అంకెలు వేసే యంత్రం చేస్తూ చేస్తూ అక్షరాలు వేసే యంత్రం వైపు మళ్లాడు. కార్లోస్ గ్లిడెన్, శామ్యూల్ సూలే తోడయ్యారు. 1868లో పేటెంటు వచ్చింది. డబ్బు పెట్టి, లోపాలన్నీ ఎత్తిచూపి, మార్చు మార్చు అని వెంటపడినవాడు జేమ్స్ డెన్స్‌మోర్. తుపాకులు, కుట్టు మిషన్లు చేసే రెమింగ్టన్ కంపెనీ దాన్ని తయారు చేసి 1874లో 125 డాలర్లకి అమ్మకానికి పెట్టింది. ఆ తొలి మిషను కుట్టు మిషనులాగే బల్లకి బిగించి, మీద పువ్వుల బొమ్మలతో ఉండేది. కొన్నింటికి కాలితో తొక్కే పలక కూడా ఉండేది.

షోల్స్ తన వరుసే గొప్పదని పట్టుకుని కూర్చోలేదు. చివరిదాకా మారుస్తూనే ఉన్నాడు. 1890లో ఆయన పోయాక, 1896లో మంజూరైన ఆయన పేటెంటులో అక్షరాల వరుస పూర్తిగా వేరు. కానీ అప్పటికే జనం వేళ్లు పాత వరుసకి అలవాటు పడిపోయాయి.

"'క్వర్టీ' అంటే అర్థం ఏమిటి?"

అర్థమేమీ లేదు. పై వరుసలో ఎడమ నుంచి మొదటి ఆరు అక్షరాలు క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై. వాటిని కలిపి పలికితే వచ్చే మాట.

"టైప్‌రైటర్ అనే మాట పై వరుస అక్షరాలతోనే వచ్చేస్తుంది. అమ్మేవాళ్ల కోసమే అలా పెట్టారా?"

ఆ మాటలోని అక్షరాలన్నీ పై వరుసలో ఉన్న సంగతి నిజం, కొట్టి చూసుకోండి. కొనడానికి వచ్చినవాళ్ల ముందు ఠక్కున కొట్టి చూపించడానికే అలా పెట్టారన్నది చెప్పుకునే కథ మాత్రమే.

"ఎఫ్, జె మీద చిన్న గీతలు ఎందుకున్నాయి?"

చూపుడు వేళ్లు అక్కడ ఆనాలి. కిందకి చూడకుండానే చేతులు తమ చోటికి వచ్చాయని ఆ గీతలు చెబుతాయి. ఎడమ చూపుడు వేలు ఎఫ్ మీద, కుడిది జె మీద పెడితే మిగిలిన వేళ్లు వాటంతటవే సర్దుకుంటాయి.

"మొదటి రోజునే 'ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె' అని పేజీలకి పేజీలు కొట్టిస్తారు. అర్థం లేని అక్షరాలెందుకు? మాటలు ఇవ్వొచ్చు కదా?"

మాట ఇస్తే మనసు అర్థం వెంట పోతుంది, కళ్లు కీబోర్డు మీదకి దిగుతాయి. అర్థం లేని వరుస ఇస్తే వేలికి తప్ప మనసుకి పని ఉండదు. ఆ పాఠం చేసే పని ఒక్కటే, ఏ కీ ఏ వేలిదో తేల్చేయడం. అందులో కుదురుగా కూర్చున్న చిటికెన వేళ్లే తర్వాత జీవితమంతా పనికొస్తాయి. ఆ పాఠం దాటేసి వెళ్లినవాళ్లని ఆరు నెలల తర్వాత చూశాను. చూపుడు వేళ్లతోనే పరుగెడుతుంటారు, మణికట్టు నొప్పి అంటారు. నాలుగు రోజులు విసుగైనా కొట్టండి.

"చూడకుండా కొట్టడం ఎప్పుడు మొదలైంది?"

1888 జులై 25న అమెరికాలోని సిన్సినాటిలో ఒక పోటీ జరిగింది. ఒకవైపు ఫ్రాంక్ మెక్‌గరిన్, కోర్టులో షార్ట్‌హ్యాండ్ రాసే ఉద్యోగి. కీలన్నీ మనసులో ఉంచుకుని, కిందకి చూడకుండా రెమింగ్టన్ మీద కొట్టేవాడు. రెండోవైపు లూయీ ట్రాబ్, పెద్దక్షరాలకీ చిన్నక్షరాలకీ విడివిడిగా కీలున్న కాలిగ్రాఫ్ అనే మిషను మీద చూసి కొట్టేవాడు. మెక్‌గరిన్ తేలిగ్గా గెలిచాడు. గెలిపించింది మిషను కాదు, చూడకుండా కొట్టే పద్ధతి. కానీ ఆ పేరు మిషనుకీ, దాని అక్షరాల వరుసకీ కూడా దక్కింది.

## మిషను పోయి కంప్యూటర్ వచ్చాక వచ్చే సందేహాలు

"ఇప్పుడు కడ్డీలూ లేవు, తగులుకోవడమూ లేదు. ఇంకా ఈ వరుసే ఎందుకు?"

పాతపోస్టాఫీసు వైపు సందుల్లో నడిచి చూడండి. ఇప్పటి కార్లకీ ఆటోలకీ ఆ వెడల్పు చాలదు. అయినా ఇళ్లు, గుళ్లు, కొట్లు అన్నీ ఆ దారిని నమ్ముకునే నిలబడ్డాయి. దారిని జరపాలంటే వాటన్నింటినీ జరపాలి. క్వర్టీ సంగతి కూడా అంతే. 1893లో రెమింగ్టన్‌తో సహా అమెరికాలోని పెద్ద టైపు మిషను కంపెనీలు ఒక్కటయ్యాయి, ఆ తర్వాత ఈ వరుసే అందరిదీ అయింది. ఇన్‌స్టిట్యూట్లు దీన్నే నేర్పాయి. దీన్ని నేర్చినవాళ్లు దొరుకుతారు కాబట్టి ఆఫీసులు ఇవే మిషన్లు కొన్నాయి. ఆఫీసుల్లో ఇవే ఉన్నాయి కాబట్టి జనం దీన్నే నేర్చుకున్నారు. మన దేశంలో గోద్రెజ్ 1955లో సొంతంగా టైపు మిషను తెచ్చినప్పుడూ ఇంగ్లీషు వరుస ఇదే. కంప్యూటర్ వచ్చేనాటికి కోట్లమంది వేళ్లలో ఇది ఉంది.

ఆర్థికవేత్త పాల్ డేవిడ్ 1985లో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశారు. ముందుగా పడ్డ దారి, మంచిదైనా కాకపోయినా, తర్వాత వచ్చేవాళ్లని కట్టిపడేస్తుందని అందులో వాదించారు. 1990లో లీబోవిట్జ్, మార్గోలిస్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని ఖండించారు. ఇంకో వరుస దీనికన్నా బాగా మేలని రుజువే కాలేదు, అలాంటప్పుడు జనం తప్పులో చిక్కుకున్నారని ఎలా అంటారు, అని వాళ్ల ప్రశ్న. రెండు వాదనలూ విన్నాక నాకు తోచింది చెబుతున్నాను. క్వర్టీ అన్నింటికన్నా మేలైనదేమీ కాదు, కానీ మార్చడానికయ్యే కష్టానికి తగ్గంత చెడ్డదీ కాదు.

"డ్వొరాక్ అనే కీబోర్డు నేర్చుకుంటే వేగం రెట్టింపు అవుతుందట. నేర్పుతారా?"

ఆగస్ట్ డ్వొరాక్ సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. విలియం డీలీతో కలిసి 1936లో పేటెంటు పొందాడు. అయిదు అచ్చులూ ఎడమ చేతి మధ్య వరుసలో, ఎక్కువగా వాడే హల్లులు కుడి చేతి మధ్య వరుసలో ఉంటాయి. ఇంగ్లీషులో దాదాపు 70 శాతం నొక్కుళ్లు మధ్య వరుసలోనే అయిపోతాయి. క్వర్టీలో అది మూడో వంతు దగ్గరే ఆగుతుంది. వేళ్ల ప్రయాణం తగ్గుతుందన్నది నిజమే.

వేగం సంగతే తేలలేదు. 1944లో అమెరికా నౌకాదళం చేసిన పరీక్ష డ్వొరాక్‌కి అనుకూలంగా వచ్చింది. 1956లో అక్కడి ప్రభుత్వం కోసం ఎర్ల్ స్ట్రాంగ్ చేసిన పరీక్షలో, క్వర్టీ వచ్చినవాళ్లకి దాన్ని కొత్తగా నేర్పడం వల్ల లాభం కనబడలేదు. నేను నేర్పడం లేదు. పరీక్ష హాల్లో మీ ముందు ఉండేది క్వర్టీ, ఆఫీసులో ఉండేదీ అదే. ఇంట్లో సరదాగా నేర్చుకుంటానంటే కంప్యూటర్ సెట్టింగుల్లో అది ఉచితంగానే ఉంది.

"నా ఎడమ చెయ్యే ఎక్కువ అలిసిపోతోంది. కుడిచేతి వాటం ఉన్నవాళ్లకి ఇది అన్యాయం కాదా?"

మీరు గమనించింది సరైనదే. క్వర్టీలో ఇంగ్లీషు కొడితే ఎడమ చేతికే ఎక్కువ పని. 'వాటర్' అని ఇంగ్లీషులో కొట్టండి, అయిదు అక్షరాలూ ఎడమ చేతివే. 'అడ్రస్' ఏడూ ఎడమవే. అన్నీ కుడి చేతికే వచ్చే మాటలు కూడా ఉన్నాయి, 'మిలియన్' కొట్టి చూడండి. కాకపోతే అలాంటివి తక్కువ.

మన ఊరి పేరు మాత్రం ఇంగ్లీషులో చక్కగా కుదిరింది. పదమూడు అక్షరాల్లో ఏడు ఎడమవి, ఆరు కుడివి. 'ఏ' అనే అక్షరం నాలుగుసార్లు వస్తుంది కాబట్టి చిటికెన వేలికి మంచి కసరత్తు. అందుకే రెండో వారంలో ఆ ఒక్క పేరే పేజీ నిండా కొట్టిస్తాను.

"కీలు నిలువుగా ఒకదాని కింద ఒకటి లేకుండా పక్కకి జరిగి ఉన్నాయెందుకు?"

టైపు మిషనులో ప్రతి కీ కింద నుంచి ఒక మీట లోపలికి పోతుంది. పై వరుస కీ సరిగ్గా కింది వరుస కీకి నేరుగా ఉంటే రెండు మీటలూ ఒకే దారిలో పడతాయి. అందుకని ఒక్కో వరుసని కాస్త పక్కకి జరిపారు. మీటలు పోయాయి, జరుగుడు మిగిలింది.

"షిఫ్ట్, బ్యాక్‌స్పేస్ లాంటి పేర్లు ఎలా వచ్చాయి? షిఫ్ట్ నొక్కితే ఏదీ కదలదు కదా?"

ఒకప్పుడు నిజంగానే కదిలేది. 1874 నాటి తొలి మిషనులో పెద్దక్షరాలు మాత్రమే ఉండేవి. 1878లో వచ్చిన రెమింగ్టన్ రెండో నమూనాలో ఒక్కో కడ్డీ చివర రెండు అచ్చులు పోశారు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. షిఫ్ట్ నొక్కితే కాగితాన్ని పట్టుకున్న క్యారేజీ మొత్తం జరిగి, రెండో అచ్చు పడే చోటికి వచ్చేది. తర్వాతి మిషన్లలో చిటికెన వేలితో ఆ బరువంతా ఎత్తాల్సి వచ్చేది. ఇప్పటి కీబోర్డు మీద పిల్లలు తేలిగ్గా షిఫ్ట్ నొక్కుతుంటే నాకు ఆ బరువు గుర్తొస్తుంది.

బ్యాక్‌స్పేస్ అక్షరాన్ని చెరిపేది కాదు. క్యారేజీని ఒక గడి వెనక్కి తెచ్చేది, అంతే. తప్పు పడితే రబ్బరుతో రుద్దాలి, లేదా కాగితం మార్చాలి. టాబ్ అంటే పట్టికలు కొట్టేటప్పుడు క్యారేజీ నేరుగా అనుకున్న గడికి దూకడానికి. ఎంటర్‌ని కొన్ని కీబోర్డుల మీద 'రిటర్న్' అని రాస్తారు. వరుస చివర గంట మోగగానే క్యారేజీని చేత్తో వెనక్కి తోసేవాళ్లం, ఆ రిటర్నే అది.

"మా తాతగారి మిషను మీద 1 అంకె లేదు. విరిగిపోయిందా?"

విరగలేదు. చాలా పాత మిషన్లలో 1 ఉండేదే కాదు. చిన్న ఎల్ అక్షరాన్నే 1గా కొట్టేవాళ్లు. మరికొన్నింటిలో సున్నా కూడా లేదు, పెద్ద ఓ కొట్టేవాళ్లు. రెండు కీలు, రెండు కడ్డీలు మిగిలేవి.

"అన్ని దేశాల్లోనూ ఇదే వరుసా?"

కాదు. జర్మనీలో వై, జెడ్ చోట్లు మారతాయి, వాళ్ల భాషలో జెడ్ వాడకం ఎక్కువ. ఫ్రాన్స్‌లో పై వరుస ఏ, జెడ్, ఇ, ఆర్, టి, వై అని మొదలవుతుంది. నౌకల మీద, విదేశీ కంపెనీల్లో పనిచేసే మన ఊరి పిల్లలకి ఇవి తగులుతుంటాయి. పాస్‌వర్డ్ ఎంత కొట్టినా తప్పంటే ముందు ఈ తేడా చూసుకోండి.

"కాలిక్యులేటర్‌లో 7 8 9 పైన, ఫోన్‌లో 1 2 3 పైన. ఒక్కలా ఎందుకు పెట్టలేదు?"

లెక్కల యంత్రాల్లో చిన్న అంకెలు కింద ఉండటం ముందు నుంచీ ఉన్న అలవాటు, కీబోర్డు కుడివైపు అంకెల గళ్లు దాన్నే పట్టుకున్నాయి. నొక్కే ఫోన్లు వచ్చేముందు అమెరికాలో బెల్ ల్యాబ్స్ రకరకాల వరుసలు జనం చేత నొక్కించి చూసింది. 1960లో ఆ ఫలితాలు వచ్చాయి. 1 2 3 పైన ఉన్న వరుస ఖాయమైంది. బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లు రెండూ వాడతారు కాబట్టి తడబడతారు. అంకెల గళ్లలో 5 మీద ఉండే చిన్న బొడిపె మీద మధ్య వేలు పెట్టి అభ్యాసం చేయండి.

## తెలుగు టైపింగ్ దగ్గర వచ్చే సందేహాలు

"తెలుగుకి ఇన్ని అక్షరాలు, ఇన్ని గుణింతాలు, ఒత్తులు. ఇన్నే కీలున్న మిషనులో ఎలా పట్టించారు?"

అక్షరాన్ని ముక్కలు చేసి పట్టించారు. కొమ్ము, దీర్ఘం, ఒత్తు లాంటివి విడి కీలుగా ఉంటాయి. క్యారేజీని కదపని కీలు కొన్ని ఉంటాయి, వాటిని కొడితే గుర్తు పడుతుంది కానీ చోటు జరగదు. తర్వాత కొట్టిన అక్షరం అదే చోట కూర్చుంటుంది. చేత్తో రాసే వరుస ఒకటి, కొట్టే వరుస ఇంకొకటి. ఆ మిషను మీద తెలుగు టైపింగ్ పరీక్షలు లోయర్, హయ్యర్ పాసైన పాతతరం వాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

"ఇన్‌స్క్రిప్ట్ అంటే ఏమిటి? దాంట్లో అక్షరాలు ఏ లెక్కన పెట్టారు?"

ఈ పేజీలో నాకు అన్నింటికన్నా ఇష్టమైన ప్రశ్న ఇది. భారతీయ భాషలన్నింటికీ కలిపి కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఒక కీబోర్డు ప్రమాణం తెచ్చింది. 1991లో భారత ప్రమాణాల సంస్థ దాన్ని ఆమోదించింది. అదే ఇన్‌స్క్రిప్ట్. దీని వెనక కడ్డీల బాధ లేదు. ఉన్నది మన వర్ణమాల.

కె కీ నొక్కితే క. షిఫ్ట్‌తో నొక్కితే ఖ. ఐ కీ మీద గ, షిఫ్ట్‌తో ఘ. ఎల్ మీద త, షిఫ్ట్‌తో థ. ఓ మీద ద, షిఫ్ట్‌తో ధ. అల్పప్రాణం, దాని మహాప్రాణం ఒకే కీ మీద ఉంటాయి. చిన్నప్పుడు పలక మీద దిద్దిన వర్గాలే ఇవి. అచ్చుల దగ్గరా అంతే. ఎఫ్ నొక్కితే గుడి, షిఫ్ట్‌తో ఇ. దాని పైనున్న ఆర్ నొక్కితే గుడి దీర్ఘం, షిఫ్ట్‌తో ఈ. జి మీద కొమ్ము, దాని పైన టి మీద కొమ్ము దీర్ఘం. హ్రస్వం కింద, దీర్ఘం పైన.

అచ్చులు, గుణింతాలు ఎడమ చేతివి. హల్లులు ఎక్కువగా కుడి చేతివి. మ, న, వ లాంటివి కొన్నే ఎడమ చేతి కింది వరుసలో ఉన్నాయి. తెలుగు మాటలో హల్లు, గుణింతం, హల్లు, గుణింతం అని ఒకదాని వెంట ఒకటి వస్తాయి కాబట్టి చేతులు తాళం వేసినట్టు మారుతుంటాయి. 'కాకి' కొట్టండి: కుడి, ఎడమ, కుడి, ఎడమ. 'రాజు' కొట్టండి, మళ్లీ అంతే. ఒక చెయ్యి కొడుతుంటే రెండోది తన చోటికి చేరుకుంటుంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా, మన బ్యాచుల్లో ఒడియా మాట్లాడే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. ఒడియా ఇన్‌స్క్రిప్ట్‌లో క అదే కె కీ మీద ఉంటుంది. హిందీలోనూ అక్కడే. ఒక భాషకి చేతులు కుదిరితే రెండో భాషకి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదు.

"ఇన్‌స్క్రిప్ట్‌లో ఒత్తు ఎలా ఇవ్వాలి? ఎక్కడా ఒత్తు కీ కనబడదు."

ఒత్తుకి వేరే కీ లేదు, పొల్లు ఉంది. డి కీ నొక్కితే పొల్లు పడుతుంది. హల్లు, పొల్లు, తర్వాతి హల్లు కొడితే ఒత్తుగా మారే పని కంప్యూటర్ చూసుకుంటుంది. 'అమ్మ' అంటే షిఫ్ట్‌తో డి, తర్వాత సి, డి, సి. అంటే అ, మ, పొల్లు, మ. అలాగే క్ష కావాలంటే క, పొల్లు, ష.

'విశాఖపట్నం' ఇలా వస్తుంది: వ, గుడి, శ, దీర్ఘం, ఖ, ప, ట, పొల్లు, న, సున్నా. పది నొక్కుళ్లు. శ కీ, ఖ కీ షిఫ్ట్‌తో కొట్టాలి. ఇంగ్లీషులో ఇదే పేరుకి పదమూడు నొక్కుళ్లు. 'వైజాగ్' చివర పొల్లు మాత్రం మర్చిపోకండి, చాలామంది 'వైజాగ' అని వదిలేస్తారు.

"ఇంగ్లీషు అక్షరాల్లో 'అమ్మ' అని కొడితే తెలుగులో వచ్చేస్తోంది కదా. అది తప్పా?"

తప్పు కాదు. లేఖిని లాంటి పరికరాలు ఆ పద్ధతిలోనే ఎంతోమంది చేత నెట్‌లో తెలుగు రాయించాయి, ఆ మేలు చిన్నది కాదు. మెసేజీలకి, నాలుగు వాక్యాలకి హాయిగా వాడుకోండి. రోజూ పేజీలు కొట్టాల్సినవాళ్లకి మాత్రం ఇన్‌స్క్రిప్టే చెబుతాను. ల, ళ తేడాకి, న, ణ తేడాకి, త, ట తేడాకి ఇంగ్లీషు చిన్నక్షరమా పెద్దక్షరమా అని ప్రతిసారీ ఆలోచించాలి. మనసులో తెలుగు మాట, దాన్ని ఇంగ్లీషు స్పెల్లింగులోకి మార్చి, మళ్లీ తెలుగులో చూసుకోవాలి. పిల్లలు తెలుగు మాటని తెలుగు అక్షరాల్లోనే తలుచుకోవాలని నా కోరిక. దానికి వేళ్లు కూడా తోడు రావాలి.

"డీటీపీ షాపులో 'యాపిల్ వచ్చా, మాడ్యులర్ వచ్చా' అని అడిగారు. ఇవేంటి?"

అవి అను స్క్రిప్ట్ లాంటి తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్లలో ఉండే కీబోర్డు వరుసల పేర్లు. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే చోట ఎక్కువగా అవే నడుస్తాయి. ఆ పనిలో చేరాలంటే ముందు షాపులో ఏది వాడుతున్నారో కనుక్కుని అదే నేర్చుకోండి. పాత అను ఫాంట్లు యూనికోడ్ (కంప్యూటర్లూ ఫోన్లూ అన్నీ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కావు, అందుకే ఆ ఫైలు నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి గీతలు వస్తాయి. ఫైలు పాడైందని కంగారు పడకండి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మారిస్తే సరిపోతుంది.

"ఇన్‌స్క్రిప్ట్ కోసం వేరే కీబోర్డు కొనాలా?"

అక్కర్లేదు. విండోస్‌లో భాషల సెట్టింగులో తెలుగు కలుపుకుంటే చాలు.

"ఇంగ్లీషు, తెలుగు రెండూ ఒకేసారి నేర్చుకుంటే కలగాపులగం అయిపోదా?"

మొదటి నెల కొంచెం అవుతుంది. కె మీద క ఉండటం చూసి మిగతావి కూడా ఇంగ్లీషు శబ్దాన్ని బట్టే ఉంటాయనుకుంటారు. తీరా చూస్తే హెచ్ మీద ప, జె మీద ర. అందుకే ఇంగ్లీషు మూడు వరుసలూ చూడకుండా వచ్చాకే తెలుగు మొదలుపెట్టిస్తాను. ఒక చేతికి రెండు భాషలు పట్టవని భయపడకండి. హార్మోనియం, కీబోర్డు రెండూ వాయించేవాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు!

## అభ్యాసం నడుస్తున్నప్పుడు వచ్చే సందేహాలు

"ఫోన్ మీద రెండు బొటనవేళ్లతోనే కొడతాం. అక్కడా ఈ వరుసేనా?"

పది వేళ్లకి అలవాటైన వరుసనే రెండు వేళ్లకీ ఇచ్చారు, కొత్తగా నేర్పక్కర్లేదని. వేలు ఎత్తకుండా గీసుకుంటూ పోయే పద్ధతిలో దీని లోపం బయటపడుతుంది. యూ, ఐ, ఓ మూడూ పక్కపక్కనే ఉండటంతో ఒక మాట గీస్తే ఇంకో మాట పడుతుంది. ఫోన్ మీద ఎంత వేగం ఉన్నా అది టైపింగ్ పరీక్షకి పనికిరాదు, ఆ వేళ్లు వేరు.

"నాకు యాభై దాటాయి. ఇప్పుడు నేర్చుకుంటే వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది."

వస్తుందండీ. వయసుకన్నా అడ్డం వచ్చేది చూసి కొట్టే పాత అలవాటు. ఏమీ రానివాళ్లు త్వరగా నేర్చుకుంటారు, రెండు వేళ్లతో ఇరవయ్యేళ్లు కొట్టినవాళ్లకి మాత్రం మొదటి పదిహేను రోజులు ఉన్న వేగం కూడా పోతుంది. అక్కడే చాలామంది వదిలేస్తారు. వదలకండి. రోజూ అరగంట చాలు, కానీ రోజూ కావాలి. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే వేళ్లు నొప్పి పుట్టడం తప్ప లాభం ఉండదు. తప్పు లేకుండా కొట్టడం ముందు రానివ్వండి, వేగం తర్వాత.

"మాట్లాడితే ఫోనే రాసేస్తోంది కదా. ఇంకా టైపింగ్ ఎందుకు?"

చిన్న సంగతులకి నోటితో చెప్పుకోండి, నేనూ చెబుతాను. కానీ పది మంది కూర్చున్న ఆఫీసులో గుట్టుగా ఉండాల్సిన ఉత్తరం పైకి చదవలేరు. ఊళ్ల పేర్లు, సర్వే నంబర్లు, ఇంటిపేర్లు చెప్పి చూడండి, ఎన్ని దిద్దాలో తెలుస్తుంది. ఆ దిద్దేది మళ్లీ ఈ కీబోర్డు మీదే.

"నా కీబోర్డు మీద అక్షరాలు చెరిగిపోయాయి. కొత్తది కొనమంటారా?"

కీలు సరిగా పడుతుంటే కొనొద్దు. మిషన్ల రోజుల్లో చూడకుండా ఉండాలని మేము కీల మీద కాగితం ముక్కలు అంటించేవాళ్లం. మీకు ఆ పని తప్పింది. ఎఫ్, జె మీద గీతలు వేలికి తగులుతున్నంతకాలం ఆ కీబోర్డుకి ఢోకా లేదు. తెలుగు మొదలుపెట్టినప్పుడు అక్షరాల స్టిక్కర్లు అంటించుకుంటానంటే కాదనను. పది రోజులు చూసి తీసేయండి, జిగురు మాత్రం స్పిరిట్‌తో తుడవండి. మన ఊరి ఉక్కపోతకి అది కరిగి పక్క కీలని కూడా పట్టేస్తుంది.